లోపలి గడియ

దుప్పటి సరిగ్గా మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. అటు రెండు కొసలు, ఇటు రెండు కొసలు పట్టుకుని ఇద్దరూ ఒక్కసారే వెనక్కి వాలి లాగాలి. ఒకరు తొందరపడితే రెండోవాళ్లు ముందుకు తూలుతారు. ఒకరు వదిలేస్తే రెండోవాళ్లు వెల్లకిలా పడతారు. పిచ్చాసుపత్రి లాండ్రీలో ఆయాకీ మడతమ్మకీ ఈ లాగుడు ఎంత అలవాటైపోయిందంటే, కబుర్లు చెప్పుకుంటూ, ఒకరి వైపు ఒకరు చూడకుండానే గుట్టలు గుట్టలు మడిచేసేవారు.

మడతమ్మ అసలు పేరు వార్డులో ఎవరూ వాడరు. మందుల పొట్లం కాగితం దొరికినా చక్కగా మడిచి గానీ వదలదని తోటి రోగులు పెట్టిన పేరది. ఆమె జబ్బు ఎప్పుడో నయమైపోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. రోగుల చేతికి ఇస్త్రీపెట్టె ఇవ్వకూడదని గోడ మీద రాసి ఉన్న గదిలోనే ఆమె రోజూ ఇస్త్రీ చేసేది. మరి బాగైన మనిషిని ఎందుకు ఉంచుకున్నారంటే, తీసుకెళ్లేవాళ్లు రాలేదు కాబట్టి అనేవారు. రమ్మని ఎవరైనా కబురు పెట్టారా అంటే మాత్రం అందరూ ఎటో చూసేవారు. దుప్పట్లు తెల్లగా, అంచులు కత్తిలా వస్తున్నంత కాలం ఆ ప్రశ్నతో ఎవరికి పని?

ఆ సోమవారం పొద్దున అటు కొస పట్టుకుని మడతమ్మ, "నిన్న మా తమ్ముడొచ్చాడక్కా" అంది.

"ఏ తమ్ముడు?"

"నాకెంతమంది ఉన్నారని? ఉన్నవాడొక్కడే. నన్ను తీసుకెళ్తాడట. గురువారం డాక్టరుగారు చూసి సరే అంటే, శుక్రవారం వెళ్లిపోవడమే."

ఆయా చేతిలోంచి కొసలు జారిపోయాయి. దుప్పటి తడినేల మీద పడింది. మడతమ్మ వెనక్కి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"చెప్పకుండా వదిలేస్తే ఎలా అక్కా? మళ్లీ ఉతకాలిప్పుడు."

"ఇన్నేళ్లు లేని ప్రేమ ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది మీ తమ్ముడికి?"

"మరదలు మెట్ల మీంచి జారిపడిందట. నడుం కింది నుంచి కదలికే లేదట. చూసుకోడానికి మనిషి కావాలిగా."

"అదీ సంగతి. జీతం లేని పనిమనిషి కావాలి వాడికి."

"నాకిక్కడ జీతమిస్తున్నట్టు మాట్లాడతావేంటి?" అని నవ్వింది మడతమ్మ. నవ్వుతూనే కింద పడ్డ దుప్పటిని ఉండచుట్టి తొట్టిలో వేసింది.

ఆయాకి నవ్వు రాలేదు. పక్క దుప్పటి అందుకుంటుంటే కుడి భుజం కలుక్కుమంది. ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసి చాలాకాలమైంది. తీగ మీద ఆరేసేది మడతమ్మ, తడిబట్టల గంపలు మోసేది మడతమ్మ, సబ్బునీళ్లు తోడిపోసేది మడతమ్మ. ఆయా చేసేదల్లా పెత్తనం, ఇటు రెండు కొసలు పట్టుకోవడం. ఈ రహస్యం వాళ్లిద్దరి మధ్యే ఉంది. బయటపడితే ఆయాని లాండ్రీలోంచి తీసి తాళాల వార్డులో వేస్తారు. అక్కడ కొట్టేవాళ్లుంటారు, కొరికేవాళ్లుంటారు.

"అక్కడికెళ్లి ఏం బావుకుంటావే? ఇక్కడ బట్టలు, అక్కడ మనిషి. అంతేగా తేడా."

"నాకో గదిస్తానన్నాడు. వంటింటి పక్కది. చిన్నదేనట." మడతమ్మ అంచులు కలుపుతూ ఆగింది. "గడియ లోపలుంటుందా అని అడిగానక్కా. వాడు పగలబడి నవ్వాడు. గదన్నాక గడియ లోపలుండక ఎక్కడుంటుందే అన్నాడు."

ఎక్కడుంటుందో వాడికేం తెలుసు. ఈ ఆసుపత్రిలో గడియలన్నీ బయటే. వార్డుకి బయట, భోజనాల గదికి బయట, ఆఖరికి స్నానాల గదికి కూడా బయటే. లోపల్నుంచి వేసుకునేది ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే మడతమ్మ స్నానం చేస్తున్నంతసేపూ ఆయా తలుపుకి వీపానించి నిలబడేది. ఎవరూ చెప్పిన పని కాదది. వచ్చిన కొత్తలో మడతమ్మ బట్టలతోనే నీళ్లు పోసుకుంటుంటే చూడలేక మొదలుపెట్టింది, అలా మిగిలిపోయింది. లోపల్నుంచి మడతమ్మ రోజూ ఒకే మాట అడిగేది. "గడియా, ఉన్నావా?" "ఉన్నాను, త్వరగా కానీ" అని ఆయా విసుక్కునేది. ఆ విసుగులో ఎంత ముద్దుందో ఇద్దరికీ తెలుసు.

మంగళవారం తమ్ముడు మళ్లీ వచ్చాడు, అక్కకి బట్టలు పట్టుకుని. గేటు దగ్గర ఆయాని చూసి నమస్కారం పెట్టాడు. గడ్డం మాసిపోయి, కళ్లు లోపలికి పోయి, పాపం వాడే రోగిలా ఉన్నాడు.

"అమ్మా, మా అక్కని మీరే చూస్తారట కదా. బరువులెత్తుతుందా?"

"ఎత్తుతుంది."

"రాత్రిళ్లు లేపితే లేస్తుందా? విసుక్కుంటుందా? ఎదురుతిరగడం అదీ..."

ఆయాకి ఒళ్లు మండిపోయింది. సంతలో గొడ్డుని బేరమాడేవాడు ఇంకా నయం, పళ్లు చూసి ఊరుకుంటాడు. "మనిషండీ ఆవిడ" అంది.

"అదేనమ్మా, మనిషే కదా కావాల్సింది" అన్నాడు తమ్ముడు, ఆ మాటలో వెటకారం లేకుండా.

ఆ రోజంతా ఆయా ఆ మాటనే నమిలింది. వీడు దాన్ని తీసుకెళ్లి ఏం చేస్తాడు? పగలు వంట, రాత్రి జాగారం. ఇక్కడైతే వేళకి తిండి, వేళకి నిద్ర. ఒక చెరలోంచి తీసి ఇంకో చెరలో వేస్తుంటే చూస్తూ ఊరుకోవడం పాపం కాదా? ఆపాలి. దాని మంచికోసమే ఆపాలి. ఇలా అనుకుంటూ ఆయా కుడి భుజాన్ని ఎడమ చేత్తో నొక్కుకుంటూనే ఉంది. దాని మంచికీ తన భుజానికీ ఉన్న సంబంధం మాత్రం ఆమె తడిమి చూసుకోలేదు. మనకి లాభమైన చోట మనకి జాలి మహా తొందరగా పుట్టుకొస్తుంది. ఆయా అందరిలాంటి మనిషే.

బుధవారం ఆపరేషన్ గది దుప్పట్లు ఇస్త్రీకి వచ్చాయి. నీలం అంచువి, ఆసుపత్రిలో ఖరీదైన బట్ట అదొక్కటే. మడతమ్మ వేళ్లతో నీళ్లు చిలకరించి, పెట్టె అడుగు తడివేలితో తాకి చూసి, చుయ్యిమన్న చప్పుడుని బట్టి వేడి తగ్గించి మొదలుపెట్టింది. సగం అయ్యాక పెట్టెని మడమ మీద నిలబెట్టి, "మిగతావి ఆరాయేమో చూసొస్తానక్కా" అని పెరట్లోకి వెళ్లింది.

గదిలో ఆయా ఒక్కతే ఉంది. ఇస్త్రీపెట్టె నిలబడి ఉంది. ఆయా దాని పిడి పట్టుకుంది. పిడికి చుట్టిన గుడ్డ ఇంకా మడతమ్మ చేతి చెమటతో తడిగా ఉంది. వేడి పెంచే చక్రాన్ని చివరిదాకా తిప్పింది. పెట్టెని నీలం అంచు దుప్పటి మీద పడుకోబెట్టి, అవతలి మూలకి వెళ్లి తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి బట్టలు పిసకడం మొదలుపెట్టింది. కాసేపటికి కమురు వాసన వచ్చింది. ఆయా వెనక్కి తిరగలేదు.

మడతమ్మ గంప అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. పెట్టె లేపి స్విచ్చి ఆపేసింది. దుప్పటి మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ, నడుమ నల్లగా, ముట్టుకుంటే రాలిపోయేలా. ఆ వాసనకి పెద్ద సిస్టరు కూడా వచ్చేసింది. వార్డు మొత్తానికి పెద్ద దిక్కు ఆవిడ. గొంతు ఆవిడకంటే ముందొస్తుంది.

"అయ్యయ్యో! ఆపరేషన్ దుప్పటి! ఎవరి చేతిలో ఉంది పెట్టె?"

ఆయా చెప్పాల్సిన మాటలు ముందే అనుకుని పెట్టుకుంది. 'పాపం రెండ్రోజుల్నుంచి అదోలా ఉందండీ, ఇంటి సంగతి విన్నప్పట్నుంచి పరధ్యానం' అని. నోరు తెరవాల్సిన అవసరమే రాలేదు. మడతమ్మ పెట్టె వైపు చూసింది. చివరిదాకా తిరిగిన చక్రం చూసింది. తొట్టి దగ్గర తనకి వీపు చూపిస్తూ, పిసికిన బట్టనే మళ్లీ పిసుకుతున్న ఆయాని చూసింది.

"నేనేనండీ" అంది. "మర్చిపోయి వెళ్లిపోయాను."

"ఇంటికెళ్లేముందు ఇదా నువ్వు చేసే నిర్వాకం? రేపు డాక్టరుగారికి చెప్పక తప్పదు నాకు" అని పెద్ద సిస్టరు విసవిసా వెళ్లిపోయింది.

ఆయాకి చేతులు తొట్టిలోంచి తియ్యబుద్ధి కాలేదు. వెనక్కి తిరక్కుండానే, "ఎందుకలా చెప్పావే?" అంది.

"కాదంటే ఏమొస్తుందక్కా? కాదంటోంది, పక్కవాళ్ల మీదకి నెడుతోంది, జబ్బింకా పోలేదు అని రాసుకుంటారు. ఇక్కడ కాదన్నవాళ్లెవరన్నా బయటికెళ్లగా చూశావా నువ్వు?"

మడతమ్మ కాలిన దుప్పటిని ఒక్కతే మడిచింది, మచ్చ లోపలికి పోయేలా.

గురువారం డాక్టరు దగ్గరికి ఆయా కూడా వెళ్లాల్సొచ్చింది. డాక్టరు మంచివాడే. మంచివాళ్లకి ఉండే తొందరంతా ఉంది. పెన్ను చేతిలో ఆడిస్తూ మడతమ్మతో, "దుప్పటి కాల్చావటగా?" అన్నాడు.

"కాల్చానండి."

"ఎవరైనా కాల్చమని చెవిలో చెప్పారా?" ఇది అక్కడ రోగులందరినీ అడిగే ప్రశ్న. ఆయా మాత్రం తలుపు వైపు చూసింది.

"లేదండి. ఇంటికెళ్తున్నానన్న ధ్యాసలో పడి మర్చిపోయాను. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను."

డాక్టరు పెన్ను ఆపాడు. పెద్ద సిస్టరు వైపు తిరిగి, "విన్నారా? తప్పు ఒప్పుకుంది. కారణం చెప్పింది. ఎవరి మీదకీ నెట్టలేదు. మన స్టాఫులో ఇలాంటి మనిషి ఒక్కరుంటే చూపించండి" అన్నాడు. పెద్ద సిస్టరు ముఖం మాడ్చుకుని, ఆ తర్వాత డాక్టరు నవ్వుతున్నాడని చూసి తనూ నవ్వింది. డాక్టరు ఆయా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు ఆయమ్మా? పంపించెయ్యమంటావా?"

ఆయా నేల చూస్తూ, "మంచిదేనండి" అంది. తను తీసిన గోతి మీదుగా మడతమ్మ హాయిగా నడిచి వెళ్లిపోతుంటే, గట్టున నిలబడి మంచిదే అనడం తప్ప ఏం చేస్తుంది?

శుక్రవారం పొద్దున మడతమ్మ ఆఖరిసారి స్నానానికి వెళ్లింది. ఆయా తలుపుకి వీపానించి నిలబడింది.

"గడియా, ఉన్నావా?"

"ఉన్నాను."

చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. ఆగింది. "నువ్వు పెట్టెనెప్పుడూ పడుకోబెట్టవక్కా. నాకు నిలబెట్టడం నేర్పిందే నువ్వు."

చెక్క తలుపు చల్లదనం ఆయా వీపుకి తగులుతోంది.

"నన్ను ఉండిపొమ్మని అడిగుంటే సరిపోయేది కదా."

"అడిగితే ఉండేదానివా?"

లోపల చెంబు కింద పెట్టిన చప్పుడైంది. "ఉండేదాన్ని కాదులే. కానీ అడిగినట్టుండేది."

తమ్ముడు తెచ్చిన బట్టలు ఆమెకి వదులు. నడుం దగ్గర ఒక మడత పెట్టి పిన్నీసు గుచ్చింది ఆయా. గేటు దగ్గర మడతమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, చిన్నపిల్లలా. ఆ చెయ్యి తనకేనా, వార్డు మొత్తానికా అన్నది ఆయాకి అంతుపట్టలేదు.

తర్వాతి వారం లాండ్రీకి ఇంకో రోగిని ఇచ్చారు. మంచి పిల్లే. కొసలు పట్టుకుని లాగమంటే నవ్వుతూ వదిలేస్తుంది. ఆయా రోజూ నడుం పట్టుకుని లేస్తోంది. తడిబట్టలు తీగ మీదకి విసరబోతే భుజంలో కత్తి దిగినట్టయ్యేది. విసిరినవి సగం నేల మీద పడేవి. "ఏంటి ఆయమ్మా, దుప్పట్లు గుడ్డపేలికల్లా వస్తున్నాయి?" అని పెద్ద సిస్టరు రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. తాళాల వార్డులో ఒక మనిషి తక్కువైందని మాత్రం ఆయా వినేలా ఎవరితోనో అంది.

అలాంటి ఒక రోజున, అన్నాల వేళకి తమ్ముడు వచ్చాడు. లాండ్రీ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావచ్చా లేదా తెలియక అక్కడే నిలబడ్డాడు.

"అక్క బాగుందా?" అంది ఆయా, చేతిలో బట్ట వదిలేసి.

"పనికేం వంక పెట్టలేనమ్మా. పగలంతా నా భార్యని పసిపాపలా చూసుకుంటుంది. ఒళ్లు తుడుస్తుంది, తిండి పెడుతుంది. రాత్రయ్యేసరికి గదిలోకెళ్లి గడియ పెట్టేసుకుంటుంది. ఇక పిలిస్తే పలకదు. నా భార్యకి రాత్రిపూట పక్క మార్చాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. నాది రాత్రి డ్యూటీ. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"చెప్పి చూశారా?"

"చెప్పాను, బతిమాలాను. పగలంతా మీదే, రాత్రి నాది అంటుంది. విసుగొచ్చి గడియ పీకించేశాను. మంచం అడ్డంగా లాక్కుని పడుకుంది. మంచం తీయించేశాను." అతను గుమ్మం పట్టుకున్నాడు. "ఇప్పుడు తెల్లవార్లూ తలుపుకి వీపానించి నేల మీద కూర్చుంటోందమ్మా. డ్యూటీకి వెళ్లేముందు నేను బయట్నుంచి తోస్తే, అది లోపల్నుంచి తోస్తుంది. సొంత అక్కతో తలుపు దగ్గర కుస్తీ పట్టాల్సొచ్చింది నాకు."

ఆయాకి తన వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టయింది.

"పెద్ద సిస్టరుగారిని అడిగాను. జబ్బు తిరగబెట్టిందని నేను చెబితే మళ్లీ చేర్చుకుంటామన్నారు. నాకేమో మనసొప్పడం లేదు. అది జబ్బు కాదేమోనని కూడా ఉంది. మీరిన్నేళ్లు ఎలా ఉంచుకున్నారో, ఆ కిటుకేదో చెబితే ఇంట్లోనే పెట్టుకుంటాను. మీ మాటే నా మాట."

కిటుకు ఆయా నాలుక చివరే ఉంది. గడియ మళ్లీ పెట్టించు నాయనా. రాత్రికి ఇంకో మనిషిని చూసుకో, లేదా డ్యూటీ మార్పించుకో. దానికా తలుపొక్కటి వదిలేస్తే నీ భార్యని కంటికి రెప్పలా చూసుకుంటుంది. అంతే. నాలుగు ముక్కలు. ఎదురుగా ఉన్నవాడు చెడ్డవాడు కూడా కాదు. చెబితే వినేలాగే ఉన్నాడు.

పెరట్లో ఆ కొత్త పిల్ల దుప్పటి కొస నేల మీద ఈడ్చుకుంటూ, పాడుకుంటూ వస్తోంది.

"తీసుకొచ్చెయ్యండి" అంది ఆయా.

అన్నాక ఆమె ఆనందం పట్టలేకపోయింది. చూశావా, నేనన్నదే నిజమైంది, అది చెరే, దాన్ని బయటికి లాగుతున్నాను అనుకుంది. ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తింది.

మడతమ్మని ఆదివారం తీసుకొచ్చారు. అవే వదులు బట్టలు, ఆయా గుచ్చిన పిన్నీసు ఇంకా నడుం దగ్గరే ఉంది. తమ్ముడు సంచి కింద పెట్టి, "మీరు చెప్పినట్టే తీసుకొచ్చేశానమ్మా" అన్నాడు ఆయాతో, అక్క ముందే. వాడికందులో దాచాల్సిందేం కనిపించలేదు. మడతమ్మ ఆయా ముఖంలోకి ఒకసారి చూసింది. ఆ తర్వాత సంచి తీసుకుని వార్డు వైపు నడిచింది, దారి ఎవరూ చూపించకుండానే.

జబ్బు తిరగబెట్టిన మనిషి కాబట్టి ఇస్త్రీపెట్టె ముట్టుకోకూడదన్నారు. మడతలకి మాత్రం పంపారు. సోమవారం పొద్దున ఇద్దరూ అటు రెండు కొసలు, ఇటు రెండు కొసలు పట్టుకున్నారు. మడతమ్మ సరిగ్గా లాగాల్సినప్పుడే లాగింది, కలపాల్సినప్పుడే వచ్చి కలిపింది. ఒక్క దుప్పటి వంకర పోలేదు. తడిగంపలు తనే మోసింది, తీగ మీద తనే వేసింది. పెద్ద సిస్టరు తొంగిచూసి, "అమ్మయ్య, మన దుప్పట్లకి మళ్లీ మంచిరోజులొచ్చాయి" అని వెళ్లింది. ఆయా ఏవో కబుర్లు ఎత్తుకుంది. కొత్త పిల్ల చేసిన తింగరి పనులు చెప్పింది, భుజం సంగతి చెప్పింది, మరదలి గురించి అడిగింది. ఊఁ అని కూడా అనలేదు మడతమ్మ. దుప్పటి అవతల కొసలు పట్టుకున్న చేతులు తప్ప ఆమెలో ఇంకేమీ వెనక్కి రాలేదు.

పని అయ్యాక మడతమ్మ తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదికి వెళ్లింది. ఆయా గబగబా వెనకే వెళ్లి తలుపు దగ్గరికి లాగి, వీపు ఆనించి నిలబడింది. లోపల్నుంచి పిలుపు వస్తుందని చెవులు రిక్కించింది. నీళ్ల చప్పుడు కూడా లేదు. ఉండబట్టలేక తనే, "ఉన్నానే" అంది.

తలుపు లోపలికి తెరుచుకుంది. ఆయా వెనక్కి పడబోయి గుమ్మం పట్టుకుంది. మడతమ్మ తలుపుని గోడకి ఆనేదాకా బార్లా తీసి, అది మళ్లీ మూసుకోకుండా బకెట్టు అడ్డం పెట్టింది.

"నువ్వుండక్కర్లేదులే ఆయమ్మా" అంది.

ఆయమ్మా అంది. వార్డులో అందరూ పిలిచే పిలుపే. ఆమె నోట ఆయా ఎన్నడూ వినని పిలుపు.

మడతమ్మ ఒక్కొక్క బట్టే విప్పి, మడిచి, గట్టు మీద పెట్టింది. వసారాలో అన్నాల గంపలు మోసుకుంటూ మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఒకడు ఆగి చూశాడు. ఆయా చటుక్కున గుమ్మానికి అడ్డంగా వచ్చి, లోపలి వైపు వీపు పెట్టి, రెండు చేతులూ చాపింది. కుడి చెయ్యి పైకి లేవలేదు. లేచినంత మేరకే చాపి నిలబడింది.

వెనకాల చెంబు నీళ్లలో మునిగిన చప్పుడైంది.

"కాస్త పక్కకి తప్పుకో ఆయమ్మా" అంది మడతమ్మ, కోపం లేని గొంతుతో. "వెలుతురు రావడం లేదు."

ఆయా పక్కకి తప్పుకుంది.